ఒక్కో దేశంలో సోడా ఒక్కోలా ఎందుకు తాగుతారు? కడపలో సోడా చక్రం తిప్పినవాడి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డాలస్‌లో చదువుకుంటున్న నీకు మూడు సంగతులు వింతగా కనిపించాయి. అక్కడ హోటల్లో ఒకసారి డబ్బు కడితే సోడా ఎన్నిసార్లైనా నింపుకోవచ్చు. నీ గదిలో ఉండే మెక్సికో అబ్బాయి పొద్దున టిఫినుకే కోక్ మూత తీస్తాడు. క్లాసులో ఉన్న జపాన్ అమ్మాయి మాత్రం చక్కెర లేని చల్లటి టీ తప్ప ఏదీ ముట్టదు. నిప్పులు చెరిగే కడప ఎండలో పుట్టిన మనం వాళ్ళకంటే ఇంత తక్కువ ఎందుకు తాగుతాం, ఇది నాలుకలో ఉన్న తేడానా, డబ్బులో ఉన్న తేడానా అని అడిగావు. చివర్లో, చిన్నప్పటి గోలీ సోడా ఇంకా దొరుకుతుందా అని కూడా అడిగావు. ఇవి నా జీవితమంతా చూసిన విషయాలు కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

నాలుక వల్ల అయితే కాదు. డబ్బు కొంతవరకు నిజమే కానీ దాంతో లెక్క తేలదు. మెక్సికోలో చాలా పేద పల్లెల్లో కూడా రోజూ తాగుతారు, జపాన్‌లో కొనగలిగినవాళ్ళే టీ వైపు పోతారు. నేను చూసినంతలో ఏ దేశం గురించైనా ఒక్కటే అడగాలి. ఆ ఊళ్ళోకి సోడా వచ్చేనాటికి అన్నం పక్కన ఏముంది, ఇంటికొచ్చిన చుట్టం చేతికి ఏమిచ్చేవాళ్ళు, ఎండనపడి వచ్చినవాడు ముందు ఏం తాగేవాడు? ఆ చోటు ఖాళీగా ఉంటే, లేదా ఉన్నదాన్ని ఎవరో తీసేసి ఉంటే, సోడా వచ్చి కూర్చుంటుంది. అక్కడ మజ్జిగో టీయో గట్టిగా కూర్చుని ఉంటే సోడా గడప దాటడానికి యాభై ఏళ్ళు పడుతుంది.

ఇది నేను పుస్తకాల్లోంచి తీసి చెబుతున్న మాట కాదు. మా నాయనకు కడపలో గోలీ సోడా మిషన్ ఉండేది, పదేళ్ళ వయసు నుంచి నేను దాని చక్రం తిప్పాను. 1993లో కువైట్ పోయి ఏడేళ్ళు ఒక బకాలాలో, అంటే అక్కడి చిల్లర అంగట్లో పనిచేశాను. తిరిగొచ్చాక ఇరవై ఏళ్ళకు పైగా కూల్ డ్రింక్స్ ఏజెన్సీ నడిపాను. సీసాలో నీళ్ళూ గ్యాసూ పట్టడం దగ్గర నుంచి, మైదుకూరు రూటులో చివరి బంకు, అంటే బడ్డీ కొట్టు దాకా కేసులు దించడం దాకా అన్నీ నా చేతులతో చేసినవే.

ముందు మాట దగ్గరే తికమక ఉంది. మన దగ్గర సోడా అంటే గ్యాసు పట్టిన నీళ్ళు, అంతే. తియ్యగా రంగుగా ఉంటే అది కూల్ డ్రింక్. ఈ రెండూ వేరువేరు సరుకులు, తాగే వేళలు వేరు, తాగే మనుషులు కూడా కొంత వేరు. నువ్వున్న దేశంలో రెండింటినీ కలిపి సోడా అంటారు. అదీ అన్ని చోట్లా కాదు, మధ్య రాష్ట్రాల్లో చాలామంది పాప్ అంటారు, దక్షిణాదిలో ఏ కూల్ డ్రింకునైనా కోక్ అనేస్తారు. జర్మనీలో అయితే హోటల్లో నీళ్ళు అడిగితే చాలాసార్లు గ్యాసు నీళ్ళే తెస్తారు, మామూలు నీళ్ళు కావాలంటే విడిగా చెప్పుకోవాలి. వాళ్ళ నేలలో సహజంగానే గ్యాసు ఉన్న ఊటలు ఉన్నాయి, జబ్బు చేస్తే ఆ ఊటల దగ్గరికి పోయి తాగడం వందల ఏళ్ళ అలవాటు. కాబట్టి జర్మనీవాడు బుడగల నీళ్ళు తాగుతున్నాడంటే మనం సోడా అనుకుంటాం, వాడికి అది దాహానికి తాగే మంచినీళ్ళు. ఏ దేశంవాళ్ళు ఎంత తాగుతారు అనే లెక్కలు చూసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకో.

ఇక మొదలు ఎక్కడంటే, అన్ని దేశాల్లోనూ కడుపు దగ్గరే. 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే ఆయన, బీరు తయారుచేసే చోట తొట్టి పైన నిలబడే గాలిని నీళ్ళలో కలిపి చూశాడు. 1772లో ఆ పద్ధతిని అచ్చు వేయించాడు. ఓడల్లో పోయేవాళ్ళకు పళ్ళ చిగుళ్ళు చెడి రక్తం కారే స్కర్వీ జబ్బుకు ఇది మందవుతుందని నమ్మారు. కాలేదు, కానీ మందు అనే పేరు మాత్రం సోడాకు అంటుకుపోయింది. 1783లో జెనీవాలో ష్వెప్ అనే ఆయన దీన్ని వ్యాపారంగా పెట్టాడు, ఇప్పటికీ టానిక్ సీసాల మీద కనిపించే ష్వెప్స్ పేరు ఆయనదే. తర్వాత దాదాపు తొంభై ఏళ్ళకు, 1872లో, హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన మెడలో గోలీ ఉన్న సీసాకు పేటెంట్ తీసుకున్నాడు. మనం గోలీ సోడా అంటున్నది ఆయన సీసానే.

ఆ సీసాలో ఉన్న తెలివి నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. కార్కు లేదు, మూత లేదు. నీళ్ళు పోసి సీసాలను మిషన్ పెట్టెలో బిగించి, గ్యాసు వదిలి చక్రం తిప్పుతాం. సీసా తలకిందులైనప్పుడు గోలీ జారి మెడలోని రబ్బరు వాషర్‌కు ఆనుకుంటుంది. లోపలి గ్యాసే దాన్ని గట్టిగా నొక్కి పట్టుకుంటుంది. తనలో ఉన్న ఒత్తిడే తనకు మూత! తాగేవాడు బొటనవేలితో నొక్కితే కీచుమని చప్పుడొచ్చి గోలీ కిందికి దిగుతుంది, మెడలో ఉన్న నొక్కు దగ్గర ఆగుతుంది. వాషర్ పాతబడితే గ్యాసు నిలవదు, సోడా చప్పగా అవుతుంది. మా నాయన వాషర్ల విషయంలో ఎవ్వరి మాటా వినేవాడు కాదు, పైసలు లేకున్నా కొత్తవి తెచ్చేవాడు. ఇదే సీసా జపాన్‌లో కూడా ఉంది, రామునే అంటారు, లెమనేడ్ అనే మాట వాళ్ళ నోట్లో పడి అలా మారింది. 1880ల్లో కోబె రేవులో మొదలైంది, ఇప్పటికీ వేసవి జాతరల్లో పిల్లలు తాగుతారు. కాడ్ పుట్టిన దేశంలో ఆ సీసా పాత సామాన్ల అంగట్లో ఉంది, కడపలోనూ కోబెలోనూ మాత్రం బతికింది.

మా నాయన దగ్గర సోడా ఎవరు కొనేవాళ్ళో చెబితే నీకు సగం జవాబు తెలుస్తుంది. పెళ్ళి భోజనం చేసి కడుపు బరువైనవాళ్ళు. పిత్తం చేసిందని తల పట్టుకుని వచ్చేవాళ్ళు. ఉగాది నాడు దేవుని కడపకు వచ్చి మిట్టమధ్యాహ్నం తిరిగిపోయేవాళ్ళు, పెద్ద దర్గా ఉరుసుకు వచ్చినవాళ్ళు, ఒంటిమిట్ట కల్యాణానికి నడిచి పోయేవాళ్ళు. నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి, ఒక్క సీసా. తాగాక గట్టిగా ఒక త్రేన్పు రావాలి. త్రేన్పు వస్తే డబ్బు గిట్టుబాటైనట్టు. రోజూ తాగేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరు. అంటే మనకు సోడా అవసరానికి తాగే వస్తువు, పక్కన పెట్టుకుని గంటలు గంటలు చప్పరించే వస్తువు కాదు.

త్రేన్పు అనగానే మెక్సికో గుర్తొస్తుంది. అక్కడ చియాపాస్ రాష్ట్రంలో సాన్ హువాన్ చామూలా అని మాయా జాతివాళ్ళ ఊరుంది. వాళ్ళ గుడిలో జబ్బు నయం చేసే పూజల్లో కొవ్వొత్తుల పక్కన కోక్, పెప్సీ సీసాలు పెడతారు. తాగితే వచ్చే త్రేన్పుతో ఒంట్లోని చెడు బయటికి పోతుందని వాళ్ళ నమ్మకం. మన పెద్దలు పిత్తం పోతుందన్నారు, వాళ్ళు దుష్టశక్తి పోతుందన్నారు. బుడగ ఒకటే, అది చేసే పనీ ఒకటే. దానికి ఏ అర్థం ఇచ్చుకోవాలో మాత్రం ఒక్కో ఊరు తనకు తెలిసిన పద్ధతిలో తేల్చుకుంది.

అయితే మీ మెక్సికో అబ్బాయి టిఫినుకే తాగడానికి కారణం పూజ కాదు, నీళ్ళు. చాలా చోట్ల కొళాయి నీళ్ళు తాగడానికి అక్కడి జనం నమ్మరు, ఇరవై లీటర్ల క్యాన్లు కొనుక్కుంటారు. డబ్బు పెట్టి నీళ్ళు కొనాల్సిన చోట, దాదాపు అంతే ధరకు తియ్యటి సీసా ప్రతి మలుపులో దొరుకుతుంటే చెయ్యి దాని మీదికే పోతుంది. పైగా చక్కెర ఉంటుంది కాబట్టి కూలిపనివాడికి వెంటనే కాస్త సత్తువ వచ్చినట్టు అనిపిస్తుంది. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే 2014 జనవరి నుంచి అక్కడి ప్రభుత్వం తియ్యటి డ్రింకుల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసింది, దాంతో కొనడం కొంత తగ్గింది. అనంతపురం జిల్లా పల్లెల సంగతి నీకు తెలియంది కాదు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, పిల్లల పళ్ళ మీద గారలు, పెద్దవాళ్ళకు నడుములు వంగిపోవడం. 1990ల్లో సత్యసాయి ట్రస్టు నీళ్ళ పథకం వచ్చి వందల పల్లెలకు మంచినీళ్ళు ఇచ్చింది. అది రాకముందే ఆ పల్లెల్లో ప్రతి బంకులో చవగ్గా చల్లటి కూల్ డ్రింక్ దొరికి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు భయంతో ఆలోచించాను.

ఇప్పుడు అమెరికా. అక్కడ కూడా మందుల షాపులోనే మొదలైంది. డాక్టర్ పెప్పర్ 1885లో టెక్సస్‌లోనే, నీకు డాలస్ నుంచి గంటన్నర దూరంలో ఉండే వేకోలో, ఒక మందుల షాపులో పుట్టింది. కోకా కోలా 1886లో అట్లాంటాలో పెంబర్టన్ అనే ఫార్మసిస్టు చేశాడు. మందుల షాపులోనే ఒక బల్ల, కుళాయిలోంచి సోడా, కూర్చోవడానికి ఎత్తు కుర్చీలు. అంటే మందు కొనే చోటే నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటయింది. తర్వాత 1920 నుంచి 1933 దాకా దేశమంతా మద్య నిషేధం పెట్టారు. సారా అంగళ్ళు మూతపడ్డాయి. సాయంత్రం నలుగురు మగవాళ్ళు కలిసి కూర్చోవాలంటే ఎక్కడ కూర్చోవాలి? సోడా బల్ల దగ్గర. నేను పైన చెప్పానే, ఉన్నదాన్ని ఎవరో తీసేస్తే ఆ చోట్లో సోడా కూర్చుంటుందని, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

రెండోది ఐసు. చల్లగా లేని కూల్ డ్రింక్ ఎవడు తాగుతాడు? అమెరికావాళ్ళు ఫ్రిజ్ లేని కాలంలోనే చలికాలం గడ్డకట్టిన చెరువుల మంచు కోసి, రంపపు పొట్టులో దాచి, ఓడల్లో ప్రపంచమంతా అమ్మారు. 1833లో బోస్టన్ నుంచి కలకత్తాకు ఐసు ఓడ వచ్చింది. మద్రాసు బీచిలో ఐస్ హౌస్ అని ఇప్పటికీ ఆ భవనం ఉంది, 1842లో ఆ అమెరికా మంచు దాచడానికే కట్టారు, తర్వాత వివేకానందుడు బస చేసినందుకు ఆయన పేరు పెట్టారు. అప్పుడు మన కడప కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే, కానీ ఆ మంచు దొరల గ్లాసుల్లోకి పోయిందే కానీ మన దాకా రాలేదు. నా చిన్నప్పుడు కూడా ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మె తెచ్చి గోనెసంచిలో చుట్టి ఊక పోసి పెట్టేవాళ్ళం, సాయంత్రానికి సగం నీళ్ళయ్యేది. అక్కడ మనవలూ మునిమనవలూ పుట్టినప్పటి నుంచీ గ్లాసు నిండా ఐసు చూస్తూ పెరిగారు. మన ఇళ్ళలో ఫ్రిజ్ మామూలై ఎన్నేళ్ళయింది చెప్పు? కరెంటు కోతలు లేని ఎండాకాలం మనం చూసి ఎన్నేళ్ళయింది?

మూడోది చక్కెర. అక్కడ బయటి చక్కెర రాకుండా కోటాలు పెట్టడంతో చక్కెర పిరం. మొక్కజొన్న మాత్రం కుప్పలు తెప్పలు. అందుకే 1980ల్లో పెద్ద కంపెనీలన్నీ అమెరికాలో మొక్కజొన్న పాకానికి మారిపోయాయి. గ్లాసులో అసలు సరుకు పైసల విలువైనప్పుడు గ్లాసు పెద్దది చేసినా, మళ్ళీ మళ్ళీ నింపినా హోటలువాడికి పోయేదేమీ లేదు, గిరాకీ మాత్రం నిలుస్తుంది. నువ్వు చూసిన ఉచితంగా నింపుకోవడం వెనక ఉన్నది ఇదే. వాళ్ళ పాత కోక్ సీసా ఆరున్నర ఔన్సులు, అంటే మన 200 మిల్లీలీటర్ల చిన్న సీసా కంటే కూడా కాస్త తక్కువ. అదే దేశంలో 1980కల్లా 32 ఔన్సుల కప్పు, అంటే లీటరుకు దగ్గర, అమ్మడం మొదలైంది. మనిషి దాహం పెరగలేదు, కప్పు పెరిగింది. ఇంకోమాట, అమెరికావాళ్ళు ఎప్పటికీ అలాగే తాగుతారనుకోకు. అక్కడ సోడా వాడకం చాలా ఏళ్ళుగా తగ్గుతూ వస్తోంది, 2016లో సీసా నీళ్ళు దాన్ని దాటేశాయి.

జపాన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అన్నం పక్కన టీ అనే కుర్చీ వాళ్ళకు వందల ఏళ్ళుగా నిండి ఉంది, హోటల్లో ఊరికే పోస్తారు. 1985లో ఒక టీ కంపెనీ చక్కెర లేని గ్రీన్ టీని డబ్బాలో పెట్టి అమ్మింది, దాంతో రోడ్డు పక్క మిషన్లో కూడా టీకే చోటు దొరికింది. చైనాలో పెద్దవాళ్ళు ఇప్పటికీ వేడినీళ్ళు తాగుతారు, చల్లటిది కడుపుకు మంచిది కాదని వాళ్ళ నమ్మకం, అలాంటివాళ్ళకు ఐసు వేసిన కోలా అమ్మడం సులభం కాదు.

కువైట్ మాత్రం నేను కళ్ళారా చూసినది, కాబట్టి కాస్త ఆగుతాను. రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఎంతమంది అక్కడ పనిచేస్తున్నారో నీకు తెలుసు. అక్కడ మద్యం నిషేధం. ఎండ మన ఎండకు అన్న. పనివాడి మధ్యాహ్నం భోజనం అంటే చాలామందికి ఒక ఖుబ్బూస్ రొట్టె, కాస్త పప్పు, వంద ఫిల్సుల (ఫిల్సు అంటే అక్కడి పైసా) పెప్సీ డబ్బా. ఊళ్ళో మజ్జిగ తాగి పెరిగిన మనిషి, మజ్జిగ చిలికి ఇచ్చే మనిషి పక్కన లేక, డబ్బా తెరిచేవాడు. నా అంగట్లో కొని అక్కడే గోడ నీడన నిలబడి తాగిన మనవాళ్ళ ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. ఎంతో మందికి తిరిగొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు, కొందరికి షుగరు కూడా వచ్చింది. అలవాటు దేశానిదని అంటాం కానీ మనిషి దేశం మారితే ఆరు నెలల్లో అలవాటు మారడం నేను అక్కడ చూశాను.

అక్కడ అందరూ కోక్ కాకుండా పెప్సీ ఎందుకు తాగుతారో మొదట్లో నాకు అర్థం కాలేదు, కూల్ డ్రింక్ అడగాలన్నా పెప్సీ అనే అడిగేవాళ్ళు, బెబ్సీ అని పలికేవాళ్ళు. తర్వాత తెలిసింది. ఇజ్రాయెల్‌లో బాట్లింగ్ పెట్టిందని అరబ్ దేశాల కూటమి 1968లో కోకా కోలాను బహిష్కరించింది, అది 1991 దాకా నడిచింది. ఒక తరం మొత్తం ఒకే డ్రింక్ చూసి పెరిగింది. రంజాన్ నెలలో అయితే విమ్టో రాజ్యం. 1908లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పుట్టిన పళ్ళ పాకం అది. ఇఫ్తార్ బల్ల మీద ఖర్జూరం పక్కన ఆ ఎర్రటి గ్లాసు లేకపోతే వాళ్ళకు రంజాన్ వచ్చినట్టే ఉండదు. రంజాన్‌కు ముందు మా బకాలాలో కేసులు కప్పు దాకా పేర్చేవాళ్ళం. కడపలో అదే చోట రూహ్ అఫ్జా ఉంటుంది. పగలంతా ఉపవాసం ఉన్న ఒంటికి తియ్యటిది కావాలి, అది అన్ని చోట్లా ఒకటే. ఏ సీసా అనేది ఆ ఊరి చరిత్ర తేలుస్తుంది.

చరిత్ర అంటే మనదీ చెప్పాలి. 1977లో విదేశీ వాటా తగ్గించుకోవాలన్న చట్టానికి ఒప్పుకోక కోకా కోలా మన దేశం వదిలి వెళ్ళింది, అప్పుడు జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రి. ప్రభుత్వమే డబుల్ సెవెన్ అని ఒక డ్రింక్ తెచ్చింది, నిలవలేదు. పార్లే వాళ్ళు థమ్సప్ తెచ్చారు, అది నిలిచింది. పదహారేళ్ళు కోక్ లేని దేశంలో మన నాలుకకు ఘాటైన గ్యాసు, కాస్త మసాలా వాసన అలవాటయ్యాయి. 1993లో కోక్ తిరిగొచ్చి థమ్సప్‌ను కొనేసింది కానీ ఆ పేరు తీసేయలేకపోయింది. పెరూ దేశంలో కూడా అచ్చం ఇంతే. 1935లో పుట్టిన ఇంకా కోలా అనే పసుపు రంగు డ్రింకును ఓడించలేక 1999లో కోకా కోలావాళ్ళు అందులో వాటా కొన్నారు. నా ఏజెన్సీ రోజుల్లో బిర్యానీ హోటళ్ళు ఏ రూటులో ఎన్ని ఉన్నాయో చూసి థమ్సప్ కేసులు లోడు చేసేవాణ్ణి, ఎప్పుడూ లెక్క తప్పలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించు. ఇంట్లో సంగటి, పప్పు, చారు, పెరుగన్నం తినేటప్పుడు ఎవరూ పక్కన కూల్ డ్రింక్ పెట్టుకోరు. పెట్టుకున్నా ఇమడదు, ఎందుకంటే మన భోజనం చివర్లో పెరుగో మజ్జిగో వచ్చి కారాన్ని చల్లారుస్తుంది, ఆ పని చేసేది అప్పటికే ఉంది. బిర్యానీకి ఆ చివరి ముద్ద లేదు. కారం, నూనె, మాంసం అన్నీ ఉండి చల్లార్చేది మాత్రం ఉండదు, రైతా గరిటెడే. అక్కడ థమ్సప్ కూర్చుంది. ఒకే మనిషి, ఒకే ఊరు, ఒకే నాలుక. పళ్ళెంలో ఏముందో దాన్నిబట్టి అలవాటు మారిపోయింది.

నాలుక పుట్టుకతో ఏదీ తెచ్చుకోదు అనడానికి ఇంకో సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. మా అక్క కూతురు అమెరికా పోయిన కొత్తలో రూట్ బీర్ తాగి ఫోన్ చేసింది, "మామా, నొప్పుల బామ్ కలిపిన కూల్ డ్రింక్ ఇచ్చినారు" అని. నిజమే, అందులో వింటర్‌గ్రీన్ అనే ఆకు వాసన ఉంటుంది, మన ఇళ్ళలో ఆ వాసన మోకాళ్ళకు రాసుకునే మందులో మాత్రమే ఉంటుంది. అమెరికా పిల్లవాడికి అదే వాసన పుట్టినరోజు పండగ. ఇంకో విషయం వింటే ఆశ్చర్యపోతావు. 1876 నుంచి వాళ్ళు అమ్ముతున్న ఆ రూట్ బీర్‌లో పాతకాలంలో సార్సపరిల్లా అనే వేరు వేసేవాళ్ళు. మన కొండల్లో దొరికే నన్నారి వేరుకు ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు ఇండియన్ సార్సపరిల్లా. మొక్కలు వేరు, కానీ ఆలోచన ఒకటే: అడవి వేరు, పాకం, చలవ. రెండు ఊళ్ళూ ఒకే దారిలో మొదలై, ఒకటి లీటరు కప్పు దాకా పోయింది, ఇంకోటి రోడ్డు పక్క నన్నారి షర్బత్ బండి దగ్గర ఆగింది.

ఆగిందని రాశాను కానీ ఇప్పుడు ఆగడం లేదు, అదే నా బాధ. 2003 ప్రాంతంలో 200 మిల్లీలీటర్ల సీసా అయిదు రూపాయలని దేశమంతా ప్రకటనలు వచ్చినప్పుడు నేను కొత్తగా ఏజెన్సీలో ఉన్నాను. పల్లెల్లోకి మొదటిసారి కేసులకు కేసులు పోయాయి. తర్వాత అద్దాల ఫ్రిజ్‌లు వచ్చాయి, మా భాషలో విసికూలర్. నేను సరుకు తీసుకునే కంపెనీ అంగడివాళ్ళకు ఫ్రిజ్ ఊరికే ఇచ్చేది, అందులో వాళ్ళ సీసాలు తప్ప ఏవీ పెట్టకూడదని షరతు. ఒక పల్లెలో ముసలామె మట్టికుండలో మజ్జిగ ప్యాకెట్లు పెట్టుకుని అమ్మేది. ఫ్రిజ్ వచ్చాక అందులో పెట్టుకుంటే, చెకింగ్‌కు వచ్చిన కంపెనీ ఆయన నా ముందే వాటిని తీయించాడు. నేను ఏజెంటును, నోరు మెదపలేదు. ఆ రోజు మాట్లాడి ఉండాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది. నెలనెలా టార్గెట్ పెంచేవాళ్ళు, టెన్షన్‌తో నేనే అంగళ్ళ మీద అదనంగా కేసులు దించిన రోజులున్నాయి. ఆ తర్వాత ఆ ఊరి పిల్లలు ఏం తాగడం నేర్చుకుని ఉంటారో వేరే చెప్పాలా? అలవాట్లు సంస్కృతి నుంచి వస్తాయని చదువుకున్నవాళ్ళు రాస్తారు. సగం అలవాట్లు ఫ్రిజ్ ఎవరిదో దాన్నిబట్టి వస్తాయి.

గాజు సీసా పోయి ప్లాస్టిక్ పెట్ బాటిల్ రావడం ఇంకో పెద్ద మలుపు. గాజు సీసాకు డిపాజిట్ కట్టాలి, అక్కడే నిలబడి తాగి ఖాళీ ఇచ్చి పోవాలి. అందుకే ఒకటి తాగి ఆగేవాళ్ళు. రెండు లీటర్ల బాటిల్ వచ్చాక అది ఇంట్లోకి వచ్చింది, ఫ్రిజ్ తలుపులో నిలబడింది. ఇంతకుముందు చుట్టం వస్తే కాఫీ కలిపేవాళ్ళం, లేదా మజ్జిగ ఇచ్చేవాళ్ళం, ఇప్పుడు పిల్లవాణ్ణి అంగడికి పంపిస్తున్నాం, అదే మర్యాద అనుకుంటున్నాం. 330 మిల్లీలీటర్ల మామూలు కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, ఎనిమిది తొమ్మిది చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజంతటికీ పాతిక గ్రాముల లోపు ఉంటే మేలు అంటోంది. మన ప్రభుత్వం వీటి మీద నలభై శాతం పన్ను వేసినా, చిన్న బాటిల్ పది రూపాయలకు దొరుకుతున్నంత కాలం పిల్లవాడికి ఆ పన్ను కనబడదు.

కాబట్టి మనం తక్కువ తాగుతాం అని నువ్వు అడిగింది నిన్నటి లెక్క. మనిషికింత అని చూస్తే ఇప్పటికీ అమెరికా, మెక్సికోలతో పోల్చితే ఎన్నో రెట్లు తక్కువే. కానీ ఇంట్లో పాడి తగ్గింది, మజ్జిగ చిలికే తీరిక తగ్గింది, బిర్యానీ వారానికి రెండుసార్లయింది. ఖాళీ అవుతున్న కుర్చీలు నాకు కనబడుతున్నాయి.

గోలీ సోడా అడిగావు కదా. మా నాయన మిషన్ ఇంట్లోనే ఉంది, నడవదు. ఊళ్ళో చేత్తో తిప్పే మిషన్లు దాదాపు పోయాయి. ఇప్పుడు కొత్తగా రంగురంగుల గోలీ సోడాలు మళ్ళీ వస్తున్నాయి, మిషన్ మీద నింపినవి, ఎక్కువ భాగం తియ్యటివి. కొనేటప్పుడు లేబుల్ మీద తయారైన తేదీ, ఆహార లైసెన్సు నంబరు చూడు, మెడ దగ్గర రబ్బరు నల్లబడి పగుళ్ళు వచ్చి ఉంటే తీసుకోకు. మామూలు ఉప్పు నిమ్మ సోడా కావాలంటే బండి దగ్గర చెప్పి చేయించుకోవాలి, పాతబస్టాండు వైపు ఎండాకాలం సాయంత్రాలు ఇంకా దొరుకుతోంది.

డాలస్‌లోనే చేసుకోవాలంటే సెల్ట్జర్ అని రాసిన సీసా కొను, అది మన సోడానే. టానిక్ వాటర్ కొనకు, అందులో క్వినైన్ చేదూ చక్కెరా రెండూ ఉంటాయి. ఇండియన్ స్టోర్‌లో నన్నారి పాకం దొరికితే గ్లాసుకు రెండు చెంచాలు చాలు, అర నిమ్మకాయ పిండి, నానబెట్టిన సబ్జా ఒక చెంచా వేసి, చివర్లో సోడా అంచు మీదుగా మెల్లగా పొయ్యి. ముందే సోడా పోసి పాకం వేస్తే పొంగి సగం బల్ల మీదికి పోతుంది. మెక్సికో అబ్బాయికీ జపాన్ అమ్మాయికీ కూడా ఒక్కో గ్లాసు ఇచ్చి చూడు, వాళ్ళకు అది ఏ వాసన గుర్తుచేసిందో నాకు తప్పకుండా రాయి.